వేట పద్దులో తోడేలు

మొగలు చక్రవర్తి జహంగీరుకు లెక్కలంటే మక్కువ. సింహాసనమెక్కిన పదకొండవ యేట, తన వేటల మొత్తాన్ని గణించి చెప్పవలసిందిగా లేఖకులను, వేట ఉద్యోగులను ఆజ్ఞాపించాడు. తన పన్నెండవ యేడు మొదలుకొని యాభయ్యవ యేటి వరకు తన సమక్షంలో 28,532 ప్రాణులు వేటకు చిక్కాయని, వాటిలో 17,167 స్వయంగా తన చేతనే హతమయ్యాయని ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. వీటిలో పావురాలే పదివేలకు పైబడి ఉన్నాయి. నాలుగుకాళ్ల జంతువులలో మనుబోతులు 889, కృష్ణజింకలు, చింకారాలు, దుప్పులు మొదలైనవి 1,670, తోడేళ్లు 64.

ఈ పద్దును పరిశీలిస్తే చక్రవర్తి దృష్టిలో తోడేలు వేట జంతువులలో ఒకటి మాత్రమేనని, వేటకు పోటీదారు కాదని స్పష్టమవుతుంది. మైదానాలలో జింకలు మందలు మందలుగా తిరుగుతున్న కాలంలో ఆ ఊహకు తావు లేదు. తోడేలును రాజ్యానికి శత్రువుగా ప్రకటించి దేశమంతటా దాని తలకు వెల కట్టే పద్ధతి ఆ తరువాత రెండు శతాబ్దాలు గడచిన పిమ్మట గాని స్థిరపడలేదు. ఆ వెల ఎవరి మేలు కోరి కట్టారు, దాని భారం చివరకు ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలు మన దేశపు వేట చరిత్రలో అంతగా చర్చకు రాలేదు. పులిని గురించి వ్రాసిన పుటలతో పోలిస్తే తోడేలుకు దక్కినవి బహు స్వల్పం.

మన ప్రాచీన వాఙ్మయంలో తోడేలుకు సంబంధం వేటగానితో కాదు, కాపరితో. ఋగ్వేదంలో ఋజ్రాశ్వుడు ఒక ఆడతోడేలుకు నూరు గొర్రెలను బలి ఇచ్చి, తండ్రి ఆగ్రహానికి గురై చూపు కోల్పోతాడు. అశ్వినీదేవతలు అతనికి తిరిగి కన్నులు ప్రసాదిస్తారు. మంద నష్టపోయిన తండ్రి కోపం, తోడేలు ఆకలిని చూచి కరిగిన కుమారుని జాలి రెండూ ఆ కథలో ఉన్నాయి. ఇంతకంటె విశేషమైనది హరివంశంలోని ఘట్టం. వ్రజభూమిలో పచ్చిక తరిగిపోయింది. చెట్లు కట్టెల కింద నరకబడినాయి. గోపకులను బృందావనానికి తరలింపదలచిన కృష్ణుడు తన రోమకూపాల నుండి తోడేళ్లను పుట్టిస్తాడు. అవి లేగదూడలను, రాత్రివేళ పసిపిల్లలను ఎత్తుకుపోతుంటే గొల్లలు బెదరి బండ్లు కట్టుకొని కదిలిపోతారు. పద్నాలుగో శతాబ్దిలో ఎఱ్ఱాప్రగడ హరివంశాన్ని తెలుగు చేసిన నాటికి పశుపాలన మన మెట్టసీమల ప్రధాన జీవనాధారాలలో ఒకటి. బీడు నశించిన పిమ్మటనే తోడేలు ఊరి మీద పడుతుందన్న ఎరుక ఆ కథను అల్లినవారికి ఉన్నదనిపిస్తుంది. భీమసేనుని వృకోదరుడని పిలవడంలో కూడా ధ్వనించేది ఆకలే గాని క్రౌర్యం కాదు.

రాజుల వేట వేరు సంగతి. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1130 ప్రాంతంలో సంతరించిన మానసోల్లాసంలో మృగయా వినోదానికి ప్రత్యేక స్థానం ఉంది. మచ్చిక చేసిన చీతాలతో జింకలను వేటాడే విధానాన్ని కూడా ఆ గ్రంథం వివరిస్తుంది. దక్కను పీఠభూమిలోని గడ్డిమైదానాలే ఆ వేటకు రంగస్థలం. రాజు, చీతా, తోడేలు ముగ్గురూ కోరేది ఒకే ఇర్రిని. అయినా ముగ్గురికీ సరిపడా జింకలున్నంత కాలం తగవు రాలేదు.

తగవు ఆంగ్లేయ ప్రభుత్వ కాలంలో వచ్చింది. దానికి మొదటి కారణం మాత్రం జింకలు కావు, పిల్లలు. అవధ్ రాజ్యంలో రెసిడెంటుగా ఉన్న స్లీమన్ 1849–50లో ఆ సీమలో పర్యటించి వ్రాసిన గ్రంథంలో తోడేళ్లు పసిపిల్లలను ఎత్తుకుపోవడం గురించి, అయినా గ్రామస్థులు వాటిని చంపడానికి జంకడం గురించి పేర్కొన్నాడు. ఊరి పొలిమేరలో తోడేలు నెత్తురు చుక్క పడితే ఆ ఊరు పాడైపోతుందని ప్రజల నమ్మకమట. తోడేళ్లు పెంచిన పిల్లల కథలకు బహుళ ప్రచారం తెచ్చినవాడు కూడా ఆయనే. నమ్మకం ఎట్టిదైనా నష్టం మాత్రం వాస్తవం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1878లో నేటి ఉత్తరప్రదేశ్‌కు దాదాపు సమానమైన ప్రాంతంలో తోడేళ్ల వాతపడినవారు 624 మంది. అందులో ఎంత భాగం నిజంగా తోడేళ్ల పని, ఎంత భాగం ఇతర మృగాలదో, మనుషులదో ఈనాడు తేల్చడం సాధ్యం కాదు. కాని ఇంతటి అంకె ముందుంచుకొని ఏ ప్రభుత్వమైనా చేతులు ముడుచుకొని కూర్చోదు.

ఆ ప్రభుత్వం ఎంచుకొన్న మార్గం బహుమతి. చంపిన మృగం తలనో తోలునో కచేరీకి తెచ్చి చూపినవారికి నిర్ణీత రుసుము చెల్లించేవారు. గుహలు త్రవ్వి పిల్లలను బయటికి లాగడం, ముష్టి గింజల నుండి తీసిన స్ట్రిక్నిన్ విషాన్ని మాంసంలో పెట్టి ఎర వేయడం సాధారణమయ్యాయి. 1875 మొదలు 1925 వరకు యాభై యేండ్లలో బహుమతుల కోసం చంపబడిన పులులు 80,000కు పైగా, చిరుతలు 1,50,000కు పైగా కాగా, తోడేళ్లు 2,00,000కు పైగా ఉన్నాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ ప్రభుత్వ పత్రాలను క్రోడీకరించి చూపారు. ఈ పద్దులోని ప్రతి తోడేలూ తోడేలే అనుకోనవసరం లేదు. కూనగా ఉన్నప్పుడు నక్కకూ తోడేలుకూ భేదం చెప్పడం కచేరీ గుమాస్తా తరం కాదు. అయినా ఆ అంకెలో సగమే నిజమనుకొన్నా ఆ సంహారం సామాన్యమైనది కాదు.

పులుల విషయంలో ఒక ప్రతివాదం అప్పుడే వినిపించింది. పులిని నిర్మూలిస్తే జింకలు, అడవిపందులు పెచ్చుపెరిగి పైరును పాడుచేస్తాయని కొందరు ఉద్యోగులు 1870 దశకంలోనే వాదించారు. కొంతకాలానికి పులికి రాజవేట అన్న గౌరవం లభించింది. దాని తోలు దివాణాల గోడలకెక్కింది. తోడేలుకు అట్టి అదృష్టం పట్టలేదు. దాని తోలుకు విలువ లేదు. దాని తలను అలంకారంగా తగిలించుకొనే ముచ్చట ఎవరికీ కలగలేదు. దానిని వెనకేసుకు రావడానికి కనీసం వేటగానికి కూడా ఆసక్తి లేకపోయింది.

శాసనం చదివితే ఇది మరింత విశదమవుతుంది. 1912లో అడవి పక్షుల, జంతువుల సంరక్షణకు చేసిన చట్టం దేశంలో వేటను క్రమబద్ధం చేసిన ముఖ్య శాసనాలలో ఒకటి. దాని అనుసూచిలో జింకలు, ఇర్రులు, అడవిదున్నలు, ఖడ్గమృగాలు, కుందేళ్లు ఉన్నాయి; ఈ జాతులను నిషిద్ధ ఋతువులో చంపడం నేరం. మాంసాహార మృగాలు ఆ అనుసూచిలో లేవు. అంటే ఒకే ప్రభుత్వం ఒక చేత్తో జింకను వేటగాని కోసం కాపాడుతూ, రెండవ చేత్తో ఆ జింకను తినే తోడేలును చంపినవానికి రూకలు లెక్కపెట్టింది. పిల్లల ప్రాణరక్షణ పేరిట ఆరంభమైన బహుమతి క్రమంగా వేటరక్షణకు కూడా ఉపకరించింది. ఈ రెండు ప్రయోజనాలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ వేరుపడ్డాయో నాటి పద్దులలో కనిపించదు. పిల్లలను ఎత్తుకుపోయిన తోడేలుకూ, ఊరికి పది క్రోసుల దూరంలో ఇర్రిని తరిమిన తోడేలుకూ వెల ఒక్కటే.

తోడేలుకు దగ్గరి బంధువైన రేసుకుక్క విషయంలో ఈ ముసుగు కూడా లేదు. అది మనుషుల జోలికి రాదు. అయినా నీలగిరులలో 1879 నాటి వేట చట్టం అండతో పనిచేసిన దొరల సంఘం సాంబరులను, దుప్పులను కాపాడే నిమిత్తం రేసుకుక్కలకు బహుమతులు చెల్లించింది. వాటి మీద మోపిన అభియోగం అవి జింకలను చంపుతాయన్నది, చంపే తీరు అందంగా లేదన్నది. ఈ ద్వేషం సాహిత్యంలోకీ ప్రవేశించింది. 1894లో కిప్లింగు ప్రకటించిన అడవి కథలలో తోడేళ్లు మనిషి బిడ్డను పెంచే మర్యాదస్థులు; మరుసటి యేటి రెండవ సంపుటంలో వాటి మీదికి దండెత్తి వచ్చే దుష్టులు రేసుకుక్కలు. ఇంగ్లీషు పాఠకులు మోగ్లీ తోడేళ్లను చూచి ముచ్చటపడుతున్న కాలంలోనే, ఆ కథలు జరిగినట్లు చెప్పిన మధ్యపరగణాలలో నిజమైన తోడేళ్లకు కచేరీలో రొక్కం ముట్టుతూ ఉంది. బందీపూరు అడవులలో రేసుకుక్కల జీవనాన్ని ఎ.జె.టి. జాన్‌సింగ్ శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి 1970 దశకం దాకా ఆగవలసివచ్చింది.

సంస్థానాలలో పరిస్థితి కొంత భిన్నం. భావనగరు మహారాజులు గడ్డిబీళ్లను దివాణపు పశువుల మేతకై, కృష్ణజింకల వేటకై ప్రత్యేకించి కాపాడారు. దేశంలో చీతాలు అరుదైపోగా ఆఫ్రికా నుండి ఓడల మీద తెప్పించి మరీ ఆ వేట సాగించారు. 1947లో కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడు చీతాలను కాల్చాడు. 1952 నాటికి చీతా దేశంలో అంతరించినట్లు నిర్ధారణ అయింది. దానితో బయలు మైదానంలో ఎదిగిన ఇర్రిని తరిమి పట్టగల పెద్ద మృగం దాదాపుగా తోడేలు ఒక్కటే మిగిలింది. స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు విలీనమై కాపలా సడలినప్పుడు జీపులు, సర్చిలైట్లు, పంటరక్షణ పేరిట ఇచ్చిన తుపాకులు రెండు దశాబ్దాలలో కృష్ణజింకను అంచుకు చేర్చాయి. భావనగరు బీళ్లలో వేలసంఖ్యలో ఉండినవి 1960 దశకం మధ్యకు వందలలోకి దిగిపోయాయి. ఈ పతనానికి తోడేలు కారణమని చెప్పడానికి వీలు లేదు. శతాబ్దాల తరబడి తోడేలు నోట పడుతూనే వేలకు వేలుగా బ్రతికిన జాతి అది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించిన ఎం.కె. రంజిత్‌సింహ్ వాంకానేరు రాజకుటుంబీకుడు; తరువాత కృష్ణజింక మీద గ్రంథం వ్రాసినవాడు. వేట తెలిసిన ఇంటి నుండి వచ్చినవారే వేటను కట్టడి చేసే శాసనానికి పూనుకోవడం గమనింపదగినది. తోడేలు ఈ చట్టపు మొదటి అనుసూచిలో పులితో సమానంగా చేరింది. 1991 సవరణతో అడవి జంతువుల వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. వేటగాడు చట్టం దృష్టిలో లేకుండా పోయాడు. కాబట్టి జింకల కోసం తోడేళ్లను తగ్గించాలా అన్న తగవు కూడా ముగిసిపోవలసింది.

వేట అనుమతించే దేశాలలో అది నేటికీ ముగియలేదు. అమెరికాలో 1926 నాటికి యెల్లోస్టోన్ ఉద్యానంలో తోడేళ్లను తుడిచిపెట్టారు. 1995–96లో కెనడా నుండి తెచ్చి మళ్లీ వదిలారు. తమ వంతు ఎల్క్ జింకలను అవి తినివేస్తున్నాయని చుట్టుపక్కల రాష్ట్రాల వేటగాళ్లు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. అక్కడి వన్యప్రాణి శాఖలకు వేట లైసెన్సుల రుసుమే ముఖ్యమైన రాబడి కావడం వల్ల ఆ ఫిర్యాదుకు బరువెక్కువ. 2021 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రం 200 తోడేళ్లకు పరిమితి విధించి, అందులో 81 ఒజిబ్వే ఆదివాసి తెగలకు కేటాయించింది. తోడేలును సోదరునిగా భావించే ఆ తెగలు తమ వంతును చంపకుండా విడిచాయి. తక్కిన 119కి అనుమతి పొందిన వేటగాళ్లు మూడు రోజులు నిండకుండానే 218 తోడేళ్లను చంపారు. జింక ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ కనీసం ముఖాముఖి వాదించే పక్షాలున్నాయి.

మన దేశంలో వేటగాడు తప్పుకొన్న తరువాత ఆ ప్రశ్న సంరక్షకుని బల్ల మీదికి వచ్చింది. 1976లో భావనగరు బీడు వేళావదర్ జాతీయోద్యానమైంది. కాపలా ఏర్పడగానే కృష్ణజింకలు కోలుకొన్నాయి. వాటి వెంట తోడేళ్లూ వచ్చాయి. ముప్పై నాలుగు చదరపు కిలోమీటర్ల చిన్న గడ్డినేలలో అంత కష్టపడి పెంచిన జింకలను తోడేళ్ల పాలు చేయడమా అన్న సందేహం సహజం. వై.వి. ఝాలా అక్కడ తోడేళ్ల ఆహారాన్ని యేండ్ల తరబడి పరిశీలించి, 1993లో ఫలితాలు ప్రకటించారు. వేళావదర్‌లో తోడేలుకు ప్రధానాహారం కృష్ణజింకే. దేశంలో మిగిలిన చాలాచోట్ల దాని ఆకలి తీర్చేది గొర్రెలు, మేకలు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. జింక ఉన్నచోట తోడేలు జింకను తింటుంది. జింక లేనిచోట దాని ఆహారం కాపరి మంద నుండి వస్తుంది. వేటగాని పద్దులో మిగిలిన జింక కాపరి పద్దులో గొర్రెగా ఖర్చవుతుంది.

ఇక పిల్లల సంగతి. 1996లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్, జౌన్‌పూర్, సుల్తాన్‌పూర్ జిల్లాలలో నెలల తరబడి పసిపిల్లలు తోడేళ్ల వాతపడ్డారు. తోడేలు వేషంలో మనుషులే తిరుగుతున్నారన్న వదంతి వ్యాపించి, అపరిచితులు గ్రామస్థుల చేత దెబ్బలు తిన్నారు. ఝాలా, డి.కె. శర్మ కలిసి జరిపిన విచారణలో ఆ దాడులు తోడేళ్ల జాతి మొత్తానివి కావని, ఏదో ఒక తోడేలు లేక ఒక గుంపు చేసిన పని అని తేలింది. 2024లో బహ్రాయిచ్ జిల్లాలో మరల అట్టి విషాదమే జరిగింది. అటవీశాఖ ఒక గుంపును గుర్తించి పట్టుకోవడానికి పూనుకొన్నది. మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చిన మృగాన్ని తొలగించడానికి 1972 చట్టమే అనుమతిస్తున్నది. నాటి బహుమతి పద్ధతికీ దీనికీ భేదం ఇక్కడే ఉంది. అది ఏ తోడేలునైనా సరే చంపమన్నది. ఇది ఆ తోడేలునే వెదకమంటున్నది. వెదకడం కష్టం, ఆలస్యం. ఈలోగా బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ భేదం వివరించడం మరీ కష్టం. తలుపులేని ఇండ్లలో, ఆరుబయట పడుకొనే నిరుపేదల పిల్లలే 1878లోనూ 1996లోనూ బలి అయ్యారన్న సంగతిని వన్యప్రాణి చర్చలలో గట్టిగా చెప్పేవారు తక్కువ.

2022లో ప్రకటితమైన అంచనా ప్రకారం దేశంలో తోడేళ్లు సుమారు 3,100. పులుల సంఖ్యకు అటూ ఇటూగా అంతే. పులికి అడవి ఉంది, అభయారణ్యం ఉంది. తోడేలు మాత్రం ఎక్కువగా వాటి వెలుపలనే, రెవెన్యూ దస్తాలలో బంజరు అని వ్రాసి ఉన్న గడ్డినేలల మీద బ్రతుకుతున్నది. బంజరు అన్న మాటే ఆ నేలకు శాపం. దానిని దున్నవచ్చు, కాలువ త్రవ్వవచ్చు, సర్కారు తుమ్మ నాటి అడవి పెంచామనవచ్చు.

ఆంధ్రదేశంలో దీనికి రొళ్లపాడు చక్కని ఉదాహరణ. నాటి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో ఉన్న ఈ 614 హెక్టార్ల గడ్డినేలను 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. బొంబాయి సహజచరిత్ర సంఘానికి చెందిన అసద్ రహ్మానీ, ఆయన సహచరులు అక్కడ యేండ్లు గడిపి పరిశోధించారు. కాలువల నీరు వచ్చి చుట్టూ ఉన్న మెట్టపొలాల తీరు మారింది. బట్టమేక పిట్ట క్రమంగా కనుమరుగైంది. రక్షణ వల్ల పెరిగినది కృష్ణజింక. దాని వెంట తోడేలూ నిలిచింది. జింకల మందలు పైరు మీద పడుతుంటే రైతులు రాత్రుళ్లు కావలి కాశారు. పులుల విషయంలో 1870 దశకపు ఉద్యోగులు చేసిన హెచ్చరిక ఇక్కడి రైతుకు ఎవరూ చదివి వినిపించనక్కరలేదు. అయినా తోడేలు తన పైరుకు కాపలాదారని రైతు ఒప్పుకొన్నా, ఆ మాట పక్కనే గొర్రెలు కాసుకొనే కురుమకు, గొల్లకు రుచించదు. రైతు పొలం దాటి వచ్చిన తోడేలే మరునాటి రాత్రి వాని మంద చుట్టూ తిరుగుతుంది.

నష్టపరిహారానికి నిబంధనలున్నాయి. జింకలు మేసిన పైరు కనబడుతుంది గనుక రైతు దానిని చూపగలడు. కాపరి మాత్రం మృగం చంపిన పశువు కళేబరాన్ని చూపాలి. తోడేలు గొర్రెపిల్లను అక్కడ తినదు. నోట కరచుకొని పోతుంది. ఉద్యోగి విచారణకు వచ్చేనాటికి మేత వెదుక్కొంటూ మంద నాలుగూళ్లు దాటిపోయి ఉంటుంది.